పన్నెండో పలుపు

మత్తిగిరి,
9 జూన్ 2024

పెద్దనాయనకు, పెద్దమ్మకు సుమ చేతులెత్తి మొక్కి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. ఫోను చేస్తే మీకు వినబడదు. పెద్దమ్మ వింటే సగం మీకు చెప్పి సగం మరిచిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. నాకు అక్షరాలు దిద్దించింది మీరే కాబట్టి తప్పులుంటే ఆ తప్పు మీదే.

ఫ్యాక్టరీలో నా పని మామూలే. కంప్యూటర్ ముందు కూర్చుని యంత్రాల భాగాలు గీస్తాను. ఇంటికొచ్చాక రంగులు కలుపుకుని నా బొమ్మలు నేను వేసుకుంటాను. ఇన్నేళ్ళూ చేతికి ఏదొస్తే అది వేశాను. ఒకరోజు రోజాతోట, ఒకరోజు కొండ, ఒకరోజు బస్టాండు. చూసినవాళ్ళు "బాగుంది" అనేసి టీ తాగడానికి పోతారు. ఈసారి ఒకే వస్తువును పట్టుకుని పన్నెండు బొమ్మలు వెయ్యాలని గట్టిగా అనుకున్నాను. కృష్ణగిరిలో ఒక హాలువాళ్ళు అక్టోబరు 20 నుంచి పది రోజులు చోటిస్తామన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళకు నా పేరు మీద మొదటి ప్రదర్శన. ఇది సరిగ్గా చెయ్యలేకపోతే నేనిక కుంచె పట్టను.

ఏ వస్తువో చెప్తాను, నవ్వకండి. మా ఇంటి వెనక పశువుల ఫారంలో ఆవులకు చెవికొక పసుపు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు ఉంటాయి. వాటిని చూస్తుంటే మన కొట్టంలో దూలానికి వరసగా వేలాడే పలుపులు గుర్తొచ్చాయి. పశువు చచ్చిపోయినా, అమ్మేసినా, దాని మెడకు కట్టిన తాడు మాత్రం ఆ మేకుకే ఉండేది. చిన్నప్పుడు మీరు ఒక్కొక్క తాడునూ తాకి, ఏ ఆవుదో పేరు చెప్పేవారు. ఆవులను వెయ్యను. ఆ పలుపులనే వేస్తాను.

నాకు లీవు దొరకదు. ఆ పన్నెండు పలుపులూ గోనెసంచిలో వేసి కండక్టర్ ఆంజప్ప చేతికిస్తే డెంకణికోట మీదుగా హోసూరుకు తెచ్చిస్తాడు. అక్టోబరు ముగియగానే అట్లాగే తిప్పి పంపిస్తాను.

మీ సుమ

* * *

అంచెట్టి,
17 జూన్ 2024

సుమమ్మకు పెద్దనాయన కొండప్ప దీవించి, తన చేత్తోనే రాసినది.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి, బుద్ధే వంకర పోయింది.

పశువును అమ్మినా పలుపు ఇవ్వం. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని, కట్టుకుని తోలుకుపోతాడు. మన పలుపు గడప దాటితే కొట్టంలో లక్ష్మి దాని వెంట నడిచిపోతుంది. మా నాయన చెప్పినాడు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పినాడు. అదంతా తెలిసిన ఇంట్లో పుట్టి, గోనెసంచిలో వేసి బస్సెక్కించమంటావా?

ఇంకో మాట. అవి పన్నెండు కాదు, పదకొండు. పన్నెండో మేకు ఖాళీ. ఇరవై ఏళ్ళ నాటి కరువులో మీ నాయన ఆదెప్ప మన కర్రెద్దును సంతకు తోలుకుపోయి, వట్టి చేతులతో వచ్చినాడు. "పలుపు యాడరా?" అంటే నేల చూసినాడు. ఎద్దుతోబాటు తాడు కూడా ఇచ్చి వచ్చినాడని నాకు అర్థమైపోయింది. ఆ పూట నుంచి కొట్టం ఒక్కొక్కటిగా ఖాళీ అయింది. ఇప్పుడు ఒక మేక కూడా లేదు. పోయినవాడిని తిట్టకూడదని మీ పెద్దమ్మ అంటుంది. నేను తిట్టడం లేదు, జరిగింది చెప్తున్నాను.

రోజాలు వేసుకో తల్లీ. రోజాలు బాగుంటాయి.

కొండప్ప

* * *

మత్తిగిరి,
25 జూన్ 2024

పెద్దనాయనకు మొక్కులు.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి అమ్మకు అన్నం సహించడం లేదు. నాయన పోయి మూడేళ్ళయింది. ఆ ఎద్దు సంగతి ఇంకా ఎందుకు తవ్వుతారు? అమ్మ ఏదో చెప్పబోయి మళ్ళీ ఊరుకుంది.

రోజాలు వెయ్యను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడం మన వంశంలోనే ఉంది, మీకు తెలియనిదా? నేను మత్తిగిరిలో ఉన్నా ఆ ఇంటి బిడ్డనే. నా ఇంట్లో మూడు నెలలు ఉంటే పలుపు గడప దాటినట్లు ఎట్లా అవుతుంది?

జ్ఞాపకం మీద వేసి చూశాను. మూడు కాగితాలు చించేశాను. తాడు వెయ్యమంటే వేసేస్తాను, గంగి పలుపు వెయ్యమంటే చెయ్యి ఆగిపోతుంది. అసలుదాన్ని ఎదురుగా పెట్టుకోకుండా వేస్తే అది బొమ్మ కాదు పెద్దనాయనా, అబద్ధం. పన్నెండు అబద్ధాలు గోడకు తగిలించి జనాన్ని పిలవలేను. మీరు పంపకపోతే ప్రదర్శనే మానుకుంటాను గానీ వేరేది మాత్రం వెయ్యను.

సుమ

* * *

అంచెట్టి,
14 జూలై 2024

సుమమ్మకు దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. పొలంలో పని.

నీ ఉత్తరం విని మీ పెద్దమ్మ నా మీద గరిటె ఎత్తింది. "ఇంటి ఆడబిడ్డ నోరు తెరిచి అడిగితే లేదంటావా? నీకు ఆ తాళ్ళు ఎక్కువా, ఆ బిడ్డ ఎక్కువా?" అని ఊరంతా వినబడేలా అరిచింది. నాకే వినబడిందంటే చూసుకో.

ఆంజప్ప చేతికి నాలుగు ఇచ్చి పంపినాను. ఒక్కొక్కదానికి చీటీ కట్టినాను. గంగి పాలు పితికేటప్పుడు కదిలేది కాదు, పితికినాక చెంబు తన్నేది. అందుకే దాని పలుపు పొట్టి. పుల్లావు ఎప్పుడూ ఎడమకే లాగేది, ముడి ఎడమకు ఒరిగింది చూడు. బోడావుకు కొమ్ములు లేవు, పలుపులోంచి తల జార్చుకుని పక్క పొలంలో పడేది, కాబట్టి రెండు ముళ్ళు. లచ్చి సాధువు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, అది చచ్చినప్పుడు మాత్రం మూడు రోజులు నేను ముద్ద ముట్టలేదు.

జాగ్రత్తలు విను. తడి తగలనీయకు. ఊరికే తడిమి చూడకు. మీ అమ్మకు చూపించకు, పాతవి చూస్తే మీ నాయన గుర్తొచ్చి బాధపడుతుంది.

మిగిలినవి తర్వాత పంపుతాను. ఒక్కసారే దూలం ఖాళీ చేస్తే చూడలేను.

కొండప్ప

* * *

మత్తిగిరి,
4 ఆగస్టు 2024

పెద్దనాయనకు సుమ వెయ్యి మొక్కులు.

సంచి విప్పగానే కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు గడప దాటనివి నా కోసం దాటించారు. మీరు చెప్పినట్లే అమ్మకు చూపించలేదు. నా గదిలో కిటికీ పక్క తెల్లగోడకు మేకు కొట్టి, ఒక్కొక్కటే తగిలించుకుని వేస్తున్నాను. తెల్లారి ఐదుకు లేచి ఫ్యాక్టరీ బస్సు వచ్చేదాకా, ఆదివారమైతే పొద్దుగూకేదాకా.

గంగికి పన్నెండు రోజులు పట్టింది. ఎంత పొడుగుంటే అంత పొడుగే కాగితం మీద ఉండాలి, వెనక గోడ గానీ గడ్డి గానీ ఏమీ ఉండకూడదు అనుకున్నాను. మట్టిరంగు, బొగ్గునలుపు, రవ్వంత పసుపు, అంతే. మొదటి వారం పీచు పీచూ వేశాను, తాళ్ళ దుకాణం బోర్డులా వచ్చింది. చించి మళ్ళీ మొదలుపెట్టాను. పుల్లావు దగ్గరికి వచ్చాక ఒకటి తెలిసింది. తాడు నడుమ ఖాళీ ఉంది కదా, మెడ ఉండాల్సిన చోటు, దాన్ని సరిగ్గా వేస్తే తాడు తనంతట తానే వస్తుంది. ఒకటే బొమ్మ వేసి ఊరుకుని ఉంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. గంగికీ లచ్చికీ నడుమ ఇరవై ఏళ్ళ తేడా అంటారు. నార ఒకటే, పురి పెట్టిన చెయ్యీ ఒకటే లాగుంది. తాత పేనినవీ మీరు పేనినవీ అంత అచ్చు గుద్దినట్లు ఉంటాయా?

మిగిలిన ఏడూ పంపండి. పన్నెండో కాగితం మీద ఖాళీ మేకును వేస్తాను.

సుమ

* * *

అంచెట్టి,
13 ఆగస్టు 2024

సుమమ్మకు దీవెనలు.

మిగిలిన ఏడూ పంపినాను. వేళ్ళకు బొబ్బలు, రాత కుదరడం లేదు. పొలంలో పని అని రాసినాను కదా. చీటీలు మీ పెద్దమ్మ రాసింది.

ఖాళీ మేకును వెయ్యవద్దు. మీ నాయన చేసినదాన్ని కృష్ణగిరిలో గోడకు తగిలించి నలుగురికి చూపిస్తావా? పదకొండుతో ఆపు.

చెయ్యి ఒకటే లాగుందన్నావు. అంత కళ్ళు చించుకుని చూడకు, చత్వారం వస్తుంది. తడి తగలనీయకు.

కొండప్ప

* * *

మత్తిగిరి,
1 సెప్టెంబరు 2024

పెద్దనాయనా,

ఈసారి మొక్కులు లేవు.

మొన్న నేను ఫ్యాక్టరీలో ఉండగా పెద్ద వాన. పదకొండు పలుపులూ ఆ గోడకే తగిలించి ఉంచి, కిటికీ వెయ్యడం మరిచిపోయాను. వచ్చి చూస్తే పలుపులన్నీ తడిసి, గోడ మీద నల్లనీళ్ళు కారుతున్నాయి. తుడవబోతే పొయ్యిమసి చేతికంటింది. మసి కింద కొత్త కిత్తనార, ఈ ఏటిది, తెల్లగా. పదకొండూ అంతే.

నేను గట్టిగా అరిచి ఉంటాను. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. గోడ చూసింది, తాళ్ళు చూసింది, పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి నాయన పాత పంచెలో చుట్టిన మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "పలుపంటే ఇదమ్మా" అంది.

అది కర్రెద్దు పలుపు. లోపలి వైపు మెడ రాసుకుని రాసుకుని గాజులా నునుపెక్కింది. పురుల మధ్య నల్లటి వెంట్రుకలు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎద్దు వాసన.

అమ్మ చెప్పింది మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "సంతలో మీ నాయన చేతులారా విప్పుకున్నాడమ్మా. ఆ ఎద్దును మళ్ళా కొనుక్కొచ్చి ఇదే పలుపుతో కట్టేస్తా, అంతదాకా అన్నకు చూపించేది లేదనె. హోసూరుకు వచ్చి పనిలో చేరింది దానికే. ఎద్దు యాడికి పోయిందో ఆచూకీ దొరకలే. ఆమీట ఇచ్చేదానికి మొగం చెల్లలే."

సంతకు మీరెందుకు పోలేదు? ఎద్దు పోతుంటే చూడలేక తమ్ముడిని తోలింది మీరు కాదా? ఇరవై ఏళ్ళు ఆయనను దొంగను చేశారు. ఇప్పటికి ఏడు బొమ్మలు పూర్తి చేశాను, నన్నేమో ఏడు అబద్ధాలు వేసిన మనిషిని చేశారు. ఆ ఏడు బొమ్మలనూ గోడ వైపు తిప్పి పెట్టాను. నాకు మీ మీద చెప్పలేనంత కోపంగా ఉంది.

కానీ ఈ పని మానను. ఇంకా ఏడు వారాలుంది. జీతం లేని లీవు రాసిచ్చేశాను. 9వ తేదీ మొదటి బస్సుకు వస్తున్నాను. కొట్టంలోనే, దూలం కిందే కూర్చుని మొదటి నుంచి వేస్తాను. పలుపు గడప దాటదు కాబట్టి మీకు ఏ అభ్యంతరమూ ఉండకూడదు. తాళం వేస్తే తలుపు ముందు కూర్చుంటాను.

సుమ

* * *

అంచెట్టి,
6 సెప్టెంబరు 2024

సుమమ్మకు,

దొంగకు తేలు కుట్టినట్లయింది నా పని. మీ పెద్దమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. మొదటిసారి నన్ను తిట్టింది, రెండోసారి ఏడ్చింది.

పేనింది నేనే. పేడనీళ్ళలో నానబెట్టినాను, మసి పూసినాను, ఎండలో వేసినాను. పలుపులు పంపడానికి చెయ్యి రాలేదు, నీకు లేదనడానికి నోరు రాలేదు. చూడకుండా వేస్తే అబద్ధమని నువ్వు రాసినది మాత్రం పేనినన్ని రోజులూ గుచ్చుతూనే ఉంది. చీటీల్లో రాసినవి అబద్ధం కాదు. ఒక్కొక్కటి పేనేటప్పుడు ఆ ఆవే కళ్ళ ముందు నిలబడేది.

అవును, సంతకు నేను పోలేకపోయినాను. వాడు నాకంటే చిన్నవాడు, వాడిని తోలినాను. తప్పు నాది.

తాళం వెయ్యను. ఆ మూటను ఆంజప్ప చేతికి ఇవ్వవద్దు. నువ్వే చేత్తో పట్టుకుని రా.

కొండప్ప

* * *

మత్తిగిరి,
24 అక్టోబరు 2024

పెద్దనాయనకు సుమ మొక్కులు.

మీరు చెప్పాపెట్టకుండా ఎందుకు వెళ్ళిపోయారు? 20వ తేదీ అంత దూరం బస్సులో వచ్చారు, కొత్త చొక్కా కూడా వేసుకున్నారు. పదకొండు బొమ్మలూ చూసి, పన్నెండోదాని ముందు నిలబడ్డారు. ఎవరో పలకరిస్తే నేను అటు తిరిగాను, ఇటు చూసేసరికి మీరు లేరు. అన్నం కూడా తినలేదు. బొమ్మ కింద "కర్రెద్దు పలుపు. ఆదెప్ప దాచినది" అని రాయడం మీకు నచ్చలేదని అమ్మ అంటోంది. అదే కారణమైతే రాయండి. కానీ ఆ చీటీని మార్చను.

కొట్టంలో ఆ నాలుగు వారాల గురించి మీకు చెప్పాలనుకుని చెప్పలేదు. మొదటి మూడు రోజులు మీతో మాట్లాడలేదు. మీరు గడ్డి లేని గాటి దగ్గర కూర్చుని ఉత్తినే తుడుస్తూ ఉండేవారు. నాలుగో రోజు ఈ ముడి ఇట్లా ఎందుకు ఒరిగిందని నేనే అడగాల్సి వచ్చింది, ఎందుకంటే అసలు పలుపు మీద చీటీ లేదు. అక్కడ వెలుతురు తలుపులోనుంచి పొద్దున మూడు గంటలే వచ్చేది. ఆ మూడు గంటలకే పని కుదించుకున్నాను, మిగతా పొద్దంతా చూస్తూ కూర్చున్నాను. పన్నెండు రోజులు పట్టిన గంగి రెండు రోజుల్లో వచ్చింది. ఆ ఏడూ వేసి ఉండకపోతే ఈ పన్నెండూ అంత త్వరగా వచ్చేవి కావు. కోపంలో అది ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నాయన పలుపును మీ చేతికిచ్చిన రోజు మీరు దాన్ని మేకుకు తగిలించి, బయటికి పోయి చాలాసేపు రాలేదు. కాబట్టి మీరు అట్లా వెళ్ళిపోవడం అలవాటేమో అని కూడా అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. వేప్పనపల్లి దగ్గర నుంచి వెంకటసుబ్బమ్మ అనే పెద్దావిడ వచ్చింది. మామిడితోట ఉందట. మూడు రోజులు వరసగా వచ్చి గంగి బొమ్మ ముందే కూర్చుంది. పోయినేడు చివరి ఆవును అమ్మిందట. "తోలుకుపోయేవాళ్ళు తొందర పెట్టిరి, పలుపుతోనే పంపిస్తినమ్మా. ఇంట్లో ఆ మేకు నన్ను చూస్తా ఉంటాది. ఈ పటం నాకియ్యి, ఆడ తగిలించుకుంటా" అని నా చెయ్యి పట్టుకుంది.

నాకు కాదనాలని లేదు. కానీ గంగి మన ఇంటిది. బొమ్మను ఇచ్చేస్తే పలుపును ఇచ్చినట్లవుతుందా? మీరు ఒక్కసారి మసి పూసి తప్పించుకున్నారు, ఈసారి సూటిగా చెప్పండి. 30వ తేదీకి హాలు ఖాళీ చెయ్యాలి.

సుమ

* * *

అంచెట్టి,
27 అక్టోబరు 2024

మా సుమమ్మకు పెద్దనాయన నిండు దీవెనలు.

చీటీ మార్చవద్దు. నచ్చలేదని ఎవరన్నారు? నాకు ఏడుపొచ్చింది తల్లీ. అంత మంది మధ్య, కొత్త చొక్కా వేసుకుని, డెబ్బై రెండేళ్ళ ముసలివాడు ఏడిస్తే నీ ప్రదర్శనకు దిష్టి తగులుతుంది. బస్సెక్కి డెంకణికోట దాకా ఏడ్చినాను. ఆంజప్ప టికెట్టు అడగకుండా రెండుసార్లు పక్కనుంచి పోయినాడు.

నేను చూసింది ఆ నునుపును. ఎద్దు మెడ రాసుకున్న చోటు కాకుండా, పైవైపు కూడా ఒకచోట నునుపు వేసినావు. అది పశువు మెడ వల్ల వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఎవడో బొటనవేలితో రుద్దితే వచ్చింది. ఇన్ని రోజులు మేకు మీద నా కళ్ళెదుటే ఉన్నా నాకు కనబడలేదు. నీ బొమ్మలో కనబడింది. తమ్ముడి వేలు అది.

నేను పేనిన పదకొండు తాళ్ళు నీ దగ్గరే ఉన్నాయి కదా, మీ అమ్మను బట్టలు ఆరేసుకోమను. గట్టివి.

వెంకటసుబ్బమ్మకు గంగిని ఇవ్వు. మేకు ఖాళీగా ఉంటే ఎట్లుంటుందో నాకు తెలుసు. కానీ మన ఇంటి పద్ధతి తప్పవద్దు. పటం వెనక తగిలించడానికి తాడు కట్టించినావు, చూసినాను. ఆమె చేతికి ఇచ్చే ముందు ఆ తాడు విప్పుకో. ఆమె తాడు ఆమె తెచ్చుకుని కట్టుకుంటుంది. పల్లెటూరి మనిషి కదా, ఎందుకని అడగదు.

విప్పిన తాడు ఆంజప్ప చేతికి ఇవ్వవద్దు. దూలానికి పదమూడో మేకు కొట్టినాను. నువ్వే తీసుకుని రా.

కొండప్ప